లేటుగా పెట్టిన జేఎస్‌ఏ (ఉద్యోగం వెతుక్కునేవాళ్లకిచ్చే భత్యం) క్లెయిమ్‌కి పాత వారాల డబ్బు ఇవ్వం అన్నారు, అప్పీల్‌కి వెళ్లొచ్చా? యూకేలో ఉన్నవాళ్లు చెప్పండి

గోదారి_గట్టు
14 అక్టోబర్ 2025

నాలుగేళ్లు చేసిన ఉద్యోగం జూన్ 30న పోయింది. రిడండెన్సీ, అంటే కంపెనీ ఆ పోస్టే తీసేసింది. అకౌంట్స్ పని నాది. నోటీసు పీరియడ్ పనిచేయక్కర్లేదని 4 వారాల జీతం చేతిలో పెట్టి పంపేశారు. జూలై 4 శుక్రవారం బెనిఫిట్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ముప్పావుగంట ఆ సంగీతం విన్నాక ఒకావిడ లైన్లోకి వచ్చింది. "ఉద్యోగం పోయింది, నాకేమైనా వస్తుందా" అని అడిగాను. మీ ఆయన పనిచేస్తున్నారా, జీతమెంత, బ్యాంకులో ఎంతుంది అని అడిగింది. అన్నీ చెప్పాను. "అయితే మీకేమీ రాదు" అంది. నేను నమ్మి పెట్టేశాను.

సెప్టెంబర్ 21న ఇక్కడ మిల్టన్ కీన్స్‌లో ఎంగిలిపూల బతుకమ్మకి వెళ్తే, పక్కన కూర్చున్న ఒక అక్క మాటల్లో అంది, "న్యూ స్టైల్ జేఎస్‌ఏ పెట్టలేదా? అది నువ్వు జీతంలోంచి కట్టిన ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) మీద వచ్చేది, మీ ఆయన జీతంతో పనిలేదు" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 24న ఆన్‌లైన్‌లో పెట్టేశాను. పాత తేదీ నుంచి ఎందుకు కావాలో రాయమన్న పెట్టెలో "ఈ బెనిఫిట్ ఉందని నాకు తెలియదు" అని రాశాను.

24 నుంచి క్లెయిమ్ ఒప్పుకున్నారు, వారానికి 92.05 పౌండ్లు. అంతకుముందు వారాలకి ఇవ్వబోమని అక్టోబర్ 9 తేదీతో ఉత్తరం వచ్చింది. తెలియకపోవడం సరైన కారణం కాదట. ఇంక వదిలేయాలా, పోరాడాలా? మా ఆయన వదిలేయమంటున్నారు.

పాలమూరు_పోరడు

వదిలెయ్యకు అక్కా. అడిగినవ్ గదా నువ్వు! అడిగితే రాదన్నది వాళ్లే గదా.

బెజవాడ_బుల్లోడు

ఎంతండీ మొత్తం? 12 వారాలైతే 1100 దాకా వస్తుంది. కానీ ఆ కాగితాలు, ఫోన్లు, టెన్షన్ తలుచుకుంటే ఆ టైమ్‌లో నాలుగు ఉద్యోగాలకి అప్లై చేసుకోవచ్చు. నా మాట వినండి, మీ ఆయన చెప్పిందే కరెక్ట్.

ఆవకాయ_అన్నం

@బెజవాడ_బుల్లోడు ఉద్యోగం లేని ఇంట్లో 1100 పౌండ్లంటే రెండు నెలల కూరగాయలు, కరెంటు, గ్యాస్. మనకి చిన్నదనిపించింది ఇంకొకరికి చిన్నది కాదు.

రెడింగ్_రమణ

ఆరేళ్లుగా వారానికి ఒకరోజు ఒక సలహా కేంద్రంలో వాలంటీర్‌గా కూర్చుంటున్నాను. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

న్యూ స్టైల్ జేఎస్‌ఏని గరిష్ఠంగా 3 నెలలు వెనక్కి జరపొచ్చు. అయితే "మంచి కారణం" అంటే మన మనసుకి మంచిదనిపించేది కాదు. 2013 నాటి క్లెయిమ్స్ అండ్ పేమెంట్స్ రెగ్యులేషన్స్‌లో 29వ రూల్ చూడండి, అందులో కారణాల జాబితా ఉంది. భాష రాకనో చదువు రాకనో ఇబ్బందిపడి, సాయం చేసేవాళ్లు కూడా దొరకకపోవడం. జబ్బుపడ్డ మనిషిని చూసుకోవాల్సి రావడం. ఇంట్లో అత్యవసర పరిస్థితి. లాయరో, డాక్టరో, సలహా కేంద్రం వాళ్లో రాదని రాతపూర్వకంగా చెప్పడం. మీకు కావాల్సింది కూడా అందులోనే ఉంది: డిపార్ట్‌మెంట్ (బెనిఫిట్లు చూసే ప్రభుత్వ శాఖ) ఆఫీసర్ ఇచ్చిన సమాచారం వల్ల, క్లెయిమ్ పెట్టినా రాదని మీరు నమ్మడం. ఇది రాతలో ఉండాలని రూల్ అడగదు, ఫోన్లో చెప్పినా చెల్లుతుంది.

"నాకు తెలియదు" అన్నది ఆ జాబితాలో ఎక్కడా లేదు. మీరు సరిగ్గా ఆ ముక్కే రాశారు, అందుకే వాళ్ల పని సులువైపోయింది. మీరు తెలియక ఊరుకున్నవారు కాదు. అడిగారు, రాదన్నారు, ఆ మాట నమ్మారు. ఇది వేరే కేసు. ఫోన్ సంగతి ఆ పెట్టెలో రాశారా అసలు?

గోదారి_గట్టు

లేదండీ. అది చిన్న పెట్టె. ఫోన్ మాట రాస్తే ఎవరిమీదో చాడీ చెప్పినట్టుంటుందని రాయలేదు.

లెస్టర్_లక్ష్మి

అయ్యో, నేనూ అచ్చం ఇలాగే చేశాను! ఎవరి ఉద్యోగానికో ఎసరు పెట్టినట్టవుతుందని మొహమాటపడ్డాను. ట్రిబ్యునల్ దాకా వెళ్లాక జడ్జిగారే అడిగారు, "ఈ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదు" అని.

నిజం_చెప్తా

నేను ఒప్పుకోను. హెల్ప్‌లైన్ ఆవిడ చెప్పింది ఇంటి ఆదాయం, సేవింగ్స్ చూసి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ (యూసీ) గురించి. భర్త జీతం, సేవింగ్స్ అడిగిందంటేనే తెలిసిపోతోంది. యూసీ రాదన్నమాట నిజమే కదా, సేవింగ్స్ 16,000 దాటితే రాదు. ఆవిడ తప్పేం చెప్పలేదు. జేఎస్‌ఏ గురించి అడగనిది మీరు. అప్పీల్‌లో ఇదే అంటారు చూడండి.

పాలమూరు_పోరడు

@నిజం_చెప్తా డాక్టర్ దగ్గరకి పోయి "కడుపు నొస్తుంది" అంటం గానీ ఏ మందు గావాల్నో మనం చెప్తమా?

రెడింగ్_రమణ

@నిజం_చెప్తా మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. ఈ కేసుకి కీలు అదే. "నాకు యూసీ వస్తుందా" అని అడిగితే మీరన్నట్టే అవుతుంది. "నాకేమైనా వస్తుందా" అని అడిగి "ఏమీ రాదు" అనిపించుకుంటే ఆ "ఏమీ"లో జేఎస్‌ఏ కూడా ఉన్నట్టే. కాబట్టి ఆ రోజు నోటివెంట వచ్చిన మాటలే ముఖ్యం.

@గోదారి_గట్టు ఆ కాల్‌కి మీ దగ్గర ఏం ఆధారాలున్నాయో చూడండి. మొబైల్ బిల్లులో నంబరు, తేదీ, ఎన్ని నిమిషాలో ఉంటుంది. ఇవాళే డౌన్‌లోడ్ చేసుకోండి. డిపార్ట్‌మెంట్‌కి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ కూడా పెట్టండి. మీ గురించి వాళ్ల దగ్గరున్న కాల్ రికార్డింగు, కాల్ నోట్స్ అడిగే హక్కు మీకుంది. ఫీజు లేదు. మామూలుగా నెలలోపు ఇవ్వాలి. ఆలస్యం చేయొద్దు, రికార్డింగులు కలకాలం దాచరు.

గోదారి_గట్టు

బిల్లు దొరికింది! జూలై 4, ఉదయం 10:12, 58 నిమిషాలు.

ఇంకొకటి కూడా దొరికింది. మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన తెలుగు క్యాలెండర్ ఉంటుంది, అమ్మ ప్రతి ఏడాదీ పంపిస్తుంది. ఎవరొచ్చారు, గ్యాస్ రీడింగ్ ఎంత, పాపకి టీకా ఎప్పుడు, అన్నీ ఆ గళ్లలోనే రాస్తాను. జూలై పేజీ వెనక్కి తిప్పి చూస్తే 4వ గడిలో నా రాతే, నీలం పెన్నుతో: "హెల్ప్‌లైన్ - ఏమీ రాదట." కింద ఆరో తేదీ గడిలో తొలి ఏకాదశి అని అచ్చు, పక్కన "అరటిపళ్లు" అని నేను రాసుకున్నది. చూడగానే కళ్లనీళ్లు వచ్చాయి. ఆ రోజు ఎంత దిగులుగా రాశానో గుర్తొచ్చింది.

లెస్టర్_లక్ష్మి

ఆ పేజీ చింపకు తల్లీ! మొత్తం నెల కనబడేలా ఫోటో తియ్యి. ఒక్క గడి తీస్తే ఇప్పుడు రాసిందేమో అనుకుంటారు. చుట్టూ గ్యాస్ రీడింగులు, అరటిపళ్లు ఉంటేనే అది నిజం క్యాలెండర్ అని తెలుస్తుంది. కింద ఇంగ్లిష్‌లో అర్థం రాసి పెట్టు.

సిరిసిల్ల_చీర

అరటిపళ్లు సాక్ష్యం చెప్పే రోజులొచ్చినయ్ 😀 నిజంగా మంచి ఆధారమే అక్కా. ఆల్ ది బెస్ట్.

వీసా_వెంకట్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది స్కిల్డ్ వర్కర్ వీసా, నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అని ఉంది, అంటే పబ్లిక్ ఫండ్స్ జాబితాలోని బెనిఫిట్లు తీసుకోకూడదు. నా భార్య డిపెండెంట్, మూడేళ్లు పనిచేసింది, ఎన్‌ఐ కట్టింది, మొన్న ఉద్యోగం పోయింది. తను క్లెయిమ్ చేస్తే మా ఐఎల్‌ఆర్‌కి (శాశ్వత నివాస అనుమతికి) దెబ్బా?

బెజవాడ_బుల్లోడు

చేయకండి. బెనిఫిట్ అంటే బెనిఫిట్టే. వీసా పోతుంది.

రెడింగ్_రమణ

@బెజవాడ_బుల్లోడు దయచేసి ఇలా భయపెట్టకండి. ఈ ఒక్క మాటతో ఎంతోమంది తమ హక్కు వదులుకుంటున్నారు. పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉన్నది ఇన్‌కమ్ బేస్డ్ జేఎస్‌ఏ, యూనివర్సల్ క్రెడిట్ లాంటివి. న్యూ స్టైల్ జేఎస్‌ఏ కాంట్రిబ్యూషన్ మీద వచ్చేది, అది ఆ జాబితాలో లేదు.

@వీసా_వెంకట్ ఒక జాగ్రత్త. ఫోన్లో మాట్లాడేటప్పుడు "న్యూ స్టైల్" అని నొక్కి చెప్పండి, పొరపాటున యూసీ క్లెయిమ్ తెరిస్తే అది మీకు నిజంగానే ఇబ్బంది. మీ ఐఎల్‌ఆర్ దగ్గర్లో ఉంటే క్లెయిమ్ పెట్టేముందు ఇమిగ్రేషన్ సలహాదారుకి ఒకసారి చూపించండి.

ఆవకాయ_అన్నం

మన వాళ్లలో ఇంకో జబ్బుంది. బెనిఫిట్ తీసుకోవడం పరువు తక్కువ అనుకుంటారు. ప్రతి నెలా పేస్లిప్‌లో ఎన్‌ఐ అని కోస్తున్నప్పుడు ఎవరూ పరువు గురించి ఆలోచించరు! అది మనం కట్టిన డబ్బు.

మూసీ_ఒడ్డు

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో చేసేవాడు, ఈఎస్‌ఐ ఉండేది. ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. అక్కడ కూడా ఇట్లాంటిది ఏమన్నా ఉందా?

ఆవకాయ_అన్నం

@మూసీ_ఒడ్డు ఉంది. అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన. సగటు రోజు వేతనంలో సగం, 90 రోజుల దాకా. 2020లో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. తమ్ముడు ఎన్నాళ్లు కాంట్రిబ్యూషన్ కట్టాడో చూసుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి వెంటనే వెళ్లమనండి.

మోడరేటర్_చందమామ

ఈఎస్‌ఐ ప్రశ్నలకి వేరే థ్రెడ్ తెరుద్దాం. ఇక్కడ యూకే సంగతి మాత్రమే.

క్రాయిడన్_కిరణ్

నాది యూసీ కేసు. పోయినేడాది ఆపరేషనై పదహారు రోజులు హాస్పిటల్లో ఉన్నాను, క్లెయిమ్ లేటైంది. యూసీని ఒక్క నెలే వెనక్కి జరుపుతారు, ఆ కారణాల జాబితా కూడా వేరు. జబ్బు చేస్తే డాక్టర్ కాగితం కావాలి. డిశ్చార్జ్ సమ్మరీ పెట్టాను, మారుమాట లేకుండా ఇచ్చారు. అప్పీల్ దాకా పోలేదు.

అక్కా, మీరు కూడా ఆ రోజుల్లో ఒంట్లో బాగోలేదని రాసేయండి. ఎవరు చూడొచ్చారు.

మోడరేటర్_చందమామ

@క్రాయిడన్_కిరణ్ ఇది వద్దు. అబద్ధం రాయమని ఇక్కడ ఎవరూ సలహా ఇవ్వొద్దు. అది మోసం కిందకి వస్తుంది, పైగా ఆమె చేతిలో ఉన్న నిజం చెడిపోతుంది.

క్రాయిడన్_కిరణ్

నిజమే, తప్పుగా అన్నాను. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా.

రెడింగ్_రమణ

@గోదారి_గట్టు డబ్బు లెక్క కూడా ఒకసారి చూసుకోండి, ఆశ పెరగకముందే.

మొదటిది, నోటీసు బదులు ఇచ్చిన 4 వారాల జీతం. ఆ కాలానికి జేఎస్‌ఏ రాదు, మీరు పనిలో ఉన్నట్టే లెక్క. జూన్ 30కి 28 రోజులు కలిపితే జూలై 28. కాబట్టి మీరు పోరాడాల్సింది జూలై 29 నుంచి సెప్టెంబర్ 23 దాకా, అంటే 57 రోజులు. సుమారు 750 పౌండ్లు. రిడండెన్సీ డబ్బు వేరుగా ఇచ్చి ఉంటే దానివల్ల కోత లేదు.

రెండోది చాలామంది చూసుకోరు. ఈ జేఎస్‌ఏ మొత్తం 182 రోజులే. ఆ 182 రోజులూ పూర్తిగా వాడేసేంత కాలం మీకు ఉద్యోగం రాకపోతే, వెనక్కి జరిపినా చివరికి చేతికొచ్చేది అంతే. ముందే మొదలై ముందే అయిపోతుంది. అంతకంటే ముందే ఉద్యోగం వస్తే మాత్రం ఆ 57 రోజులు నికరంగా మీకు మిగులుతాయి.

బెజవాడ_బుల్లోడు

ఈ రెండో పాయింట్ నాకూ తెలియదు. అయితే ఆమెకి ఉద్యోగం త్వరగా రావాలని కోరుకుందాం, రెండు విధాలా లాభం.

ఆవకాయ_అన్నం

డబ్బు ఒకటే కాదుగా. క్లెయిమ్ ఉన్న వారాలకి ఎన్‌ఐ క్రెడిట్లు కూడా పడతాయి. స్టేట్ పెన్షన్ పూర్తిగా రావాలంటే 35 ఏళ్ల రికార్డు కావాలి. నడివయసులో వచ్చిన మనలాంటివాళ్లకి ప్రతి వారమూ విలువైనదే.

నిజం_చెప్తా

ఒక చిన్న లోపం కనిపిస్తోంది. 21న తెలిసింది, 24న పెట్టారు. ఆ మూడు రోజులు ఏం చేశారని అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

గోదారి_గట్టు

పీ45 (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే కాగితం) ఎక్కడో పడింది, దానికోసం ఇల్లంతా వెతికాను. మంగళవారం రాత్రి దొరికింది, బుధవారం పొద్దున్నే పెట్టాను. ఇదే రాస్తాను. థాంక్సండీ, మీరు వాదించడం వల్లే ఇవన్నీ తడుతున్నాయి.

రెడింగ్_రమణ

ఇక దారి చెప్తాను. నేరుగా అప్పీల్‌కి వెళ్లనివ్వరు. ముందు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే వాళ్ల నిర్ణయాన్ని వాళ్లే మళ్లీ చూడమని అడగడం. ఉత్తరం మీదున్న తేదీ నుంచి ఒక నెల. మీకు నవంబర్ 9, ఆదివారం. ఆ రోజు దాకా ఆగొద్దు. ఫోన్లోనూ అడగొచ్చు గానీ సీఆర్‌ఎంఆర్1 ఫారం నింపి పంపడమే మేలు, కాగితం మిగులుతుంది. పోస్టాఫీసు రసీదు దాచండి.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. జూలై 4న ఫలానా టైమ్‌కి ఫోన్ చేశాను, ఇలా అడిగాను, ఇలా చెప్పారు, అందువల్ల రాదని నమ్మాను, సెప్టెంబర్ 21న వేరేవాళ్లు చెప్పేదాకా ఆ నమ్మకం పోలేదు, 29వ రూల్ ప్రకారం జూలై 29 నుంచి ఇవ్వండి. బిల్లు, క్యాలెండర్ ఫోటో జతచేయండి. మొదటి ఫారంలో "తెలియదు" అని ఎందుకు రాశారో కూడా ఒప్పుకుని రాయండి. దాచితే అదే పెద్ద ప్రశ్న అవుతుంది.

ఆ రోజుల్లో ఉద్యోగాలకి అప్లై చేసిన మెయిల్స్ కూడా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అడిగితే చూపించొచ్చు.

గోదారి_గట్టు
26 అక్టోబర్

నిన్న రెండూ పంపాను, రీకన్సిడరేషన్, రికార్డుల రిక్వెస్ట్. దీపావళి హడావుడిలో ఐదురోజులు ఆలస్యమైంది. మా ఆయనే కవర్ మీద స్టాంప్ అంటించి పోస్టాఫీసుకి తీసుకెళ్లారు!

గోదారి_గట్టు
20 నవంబర్

తోసేశారు. నవంబర్ 18 తేదీ ఉత్తరం. "అలా చెప్పినట్టు మా దగ్గర రికార్డు లేదు" అని రెండు వాక్యాలు, మిగతాదంతా పాత ఉత్తరమే. క్యాలెండర్ ఊసే లేదు. నిజం చెప్పాలంటే చాలా బాధగా ఉంది.

పాలమూరు_పోరడు

అక్కా, నిలబడు. ఇదే అసలు మొదలు.

లెస్టర్_లక్ష్మి

ఇక్కడితో అయిపోయిందని చాలామంది ఆగిపోతారు. నేనూ ఆగిపోబోయాను, మా అమ్మాయి ఆగనివ్వలేదు. ఇప్పటిదాకా చూసింది వాళ్ల మనుషులే. ట్రిబ్యునల్ వాళ్లతో సంబంధం లేనిది, అక్కడ కూర్చునేది జడ్జి. ఫీజు లేదు.

నాది ఫోన్ హియరింగ్. ఫారంలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాను, వాళ్లే పెట్టారు, మనం పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లిష్ వచ్చు గానీ కంగారులో మాట తడబడుతుందని అడిగాను. మొత్తం పాతిక నిమిషాలు. జడ్జిగారు చాలా నెమ్మదిగా మాట్లాడారు. మూడే అడిగారు: ఏమని అడిగావు, ఏమన్నారు, తర్వాత ఇంకెవరినైనా ఎందుకు అడగలేదు. మూడోదానికి నేను "ఆఫీసు వాళ్లే చెప్పాక ఇంకెవరిని అడుగుతామండీ" అన్నాను. ఇంటర్‌ప్రెటర్ అది చెప్పగానే ఆయన "అర్థమైంది" అన్నారు. వారానికి ఉత్తరం వచ్చింది, నా తరఫున. అందులో నా దగ్గర బిల్లు కూడా లేదు, నా మాట ఒక్కటే.

నిజం_చెప్తా

మాట ఒక్కటే సరిపోయిందా? నాకు ఆశ్చర్యంగా ఉంది.

రెడింగ్_రమణ

సరిపోతుంది, నమ్మేలా ఉంటే. మన మాట కూడా సాక్ష్యమే. తేదీ, టైమ్, అన్న మాటలు ప్రతిసారీ ఒకేలా చెప్తే, అటువైపు దాన్ని కాదనే కాగితం లేకపోతే, నమ్మొచ్చు. అయినా గోదారి గారి రికార్డుల జవాబు ఇంకా రాలేదు. "రికార్డు లేదు" అన్నది ఎవరో స్క్రీన్ మీద చూసి రాసింది, అడిగినవన్నీ వెతికి ఇచ్చిన జవాబు కాదు.

గోదారి_గట్టు
27 నవంబర్

రికార్డులు వచ్చాయి. మందపాటి కవరు, సగం పేజీల్లో నల్ల గీతలు. రికార్డింగ్ దొరకలేదన్నారు. ఉద్యోగం, అడ్రసు, ఎన్‌ఐ అంతా తిరగేస్తూ 23వ పేజీకి వచ్చేసరికి జూలై 4, 11 దాటాక రాసిన కాల్ నోట్ ఉంది. ఇంగ్లిష్‌లో మూడు ముక్కలు. తెలుగులో చెప్తే: "రిడండెన్సీ అయింది, ఏ బెనిఫిట్లు వస్తాయని అడిగారు. పార్టనర్ ఫుల్‌టైమ్ పని, సేవింగ్స్ లిమిట్ పైన. అర్హత లేదని చెప్పాం."

చేతులు వణికాయి. వంటింట్లో నిలబడే చదివాను, పాలు పొంగిపోయాయి.

సిరిసిల్ల_చీర

పాలు పొంగడం శుభమే అక్కా!!

నిజం_చెప్తా

"ఏ బెనిఫిట్లు వస్తాయని అడిగారు." ఈ ఒక్క ముక్కతో నా వాదన పోయింది. సంతోషంగా ఒప్పుకుంటున్నాను. ఇది పట్టుకుని వెళ్లండి.

రెడింగ్_రమణ

ఇంకేం కావాలి. రీకన్సిడరేషన్ ఉత్తరం తేదీ నుంచి మళ్లీ ఒక నెల, మీకు డిసెంబర్ 18 దాకా ఉంది. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, కాగితం మీదైతే ఎస్‌ఎస్‌సీఎస్1. రీకన్సిడరేషన్ నోటీసు తప్పకుండా జతచేయాలి. 23వ పేజీని మొదట పెట్టండి, ఆ వాక్యం పక్కన గీత గీయండి. డిపార్ట్‌మెంట్‌కి జవాబివ్వడానికి 28 రోజులు ఉంటుంది. వాళ్ల జవాబు, మీ కాగితాలు అన్నీ కలిపి ఒక కట్టగా మీకు పంపుతారు, అది వచ్చాక ఇక్కడ చెప్పండి, కలిసి చదువుదాం.

గోదారి_గట్టు
30 నవంబర్

పెట్టేశాను. ఇంటర్‌ప్రెటర్ దగ్గర తెలుగు అని రాశాను, లక్ష్మిగారు చెప్పినట్టే.

వీసా_వెంకట్
9 డిసెంబర్

ఒక మంచి మాట. ఇమిగ్రేషన్ సలహాదారుకి చూపించాం, న్యూ స్టైల్‌కి అడ్డులేదన్నారు. నా భార్య క్లెయిమ్ పెట్టింది, టైమ్‌కే. ఈ థ్రెడ్ చూడకపోతే పెట్టేవాళ్లం కాదు.

గోదారి_గట్టు
23 జనవరి 2026

రెండు కబుర్లు. జనవరి 12న కొత్త ఉద్యోగంలో చేరాను, మళ్లీ అకౌంట్స్ పనే, ఇంటికి ఇరవై నిమిషాల బస్సు.

నిన్న ఉత్తరం వచ్చింది. హియరింగ్ దాకా పోకుండానే వాళ్లే నిర్ణయం మార్చుకున్నారు. జూలై 29 నుంచి సెప్టెంబర్ 23 వరకు కూడా క్లెయిమ్ ఒప్పుకున్నారు, అప్పీల్ లాప్స్ అయిందని రాశారు. లాప్స్ అనే మాట చూసి మొదట ఓడిపోయానేమో అనుకున్నాను, మా ఆయనే రెండుసార్లు చదివి చెప్పారు.

రెడింగ్_రమణ

చాలా సంతోషం! మీరడిగినదంతా ఇచ్చేశారు కాబట్టి అప్పీల్‌కి పని లేకుండా పోయింది, లాప్స్ అంటే అదే. కొంతే ఇచ్చి ఉంటే ఆ కొత్త నిర్ణయం మీద మళ్లీ అప్పీల్ చేసుకునే హక్కుండేది. 182 రోజులు నిండకముందే ఉద్యోగం వచ్చింది, కాబట్టి ఆ 57 రోజులూ మీకు నికరంగా మిగిలాయి. ఎన్‌ఐ క్రెడిట్లు పడ్డాయో లేదో మీ రికార్డులో కొన్నాళ్లాగి చూసుకోండి.

బెజవాడ_బుల్లోడు

వదిలేయమన్నందుకు సారీ అండీ. మీ పట్టుదలకి దండం.

లెస్టర్_లక్ష్మి

ఆ జూలై పేజీ పారేయకు!

గోదారి_గట్టు

పారేయనండీ. కొత్త క్యాలెండర్ కూడా అమ్మ పంపింది, దాని వెనకే పాతది తగిలించాను. డబ్బు రాగానే పాపకి బూట్లు కొనాలి, సైజు మారి రెండు నెలలైంది. బతుకమ్మ దగ్గర చెప్పిన ఆ అక్కకి ఫోన్ చేశాను, ఆవిడకి ఆ మాట అన్నట్టు కూడా గుర్తులేదు.

కొత్త_సభ్యుడు_07
2 ఫిబ్రవరి

నాదీ ఇదే సమస్య. నవంబర్‌లో ఉద్యోగం పోయింది, పోయిన వారం క్లెయిమ్ పెట్టాను, బ్యాక్‌డేట్ కుదరదన్నారు. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు, ఒక వెబ్‌సైట్ కాలిక్యులేటర్‌లో చూసుకుంటే సున్నా చూపించింది. దాన్ని పెట్టి అడగొచ్చా?

రెడింగ్_రమణ

కాలిక్యులేటర్ అంటే ఆఫీసర్ చెప్పినట్టు కాదు, దాని మీదే నిలబడితే కష్టం. ఆ నెలల్లో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా, మీరు చూసుకోవాల్సి వచ్చిందా, ఎవరైనా సలహాదారు రాతలో ఏమైనా చెప్పారా? కొత్త థ్రెడ్ తెరవండి. ఉత్తరం మీదున్న తేదీ ఎంతో అందులో మొట్టమొదట రాయండి.